చేతులక్క

చేతులక్క పోయిందన్న కబురు మాకు కంపెనీ బస్సులో తెలిసింది. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర లారీల వెనక బస్సు ఆగిపోయి ఉంది. రోజూ రెండో సీట్లో కూర్చునే ఆమె కోడలు ఆ పొద్దున ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో మా వాట్సాప్ గ్రూపులో చూసి ఒకామె పైకి చదివింది. అయ్యో అన్నవాళ్ళు లేరు. నా ముందు సీట్లో ఆవిడ వేళ్ళు చాపి గోళ్ళు చూసుకుంది. నా పక్కనామె అరచేయి తిప్పి మణికట్టు దాకా చూసుకుంది. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు అదే పని చేశారు. చేతులక్క పని మానేసి చాలాకాలమైంది. అయినా పోయిన మనిషికి మా బస్సులో జరిగిన సంతాపం అదే.

నేను ఏడవలేదు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం రెండోసారి పెట్టించుకుని, పచ్చడి అడిగి మరీ వేయించుకుని తిన్నాను. పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదని నాకూ తెలుసు. కానీ ఆమె గురించి మంచిగా రాయాలంటే నేను ఇంకెవరి గురించో రాయాల్సి వస్తుంది.

మాది పటాన్‌చెరు దాటాక వచ్చే ఇంజెక్షన్ల ఫ్యాక్టరీ. సీసాల్లో మందు నింపే చోటును మేం లోపలి గది అంటాం. అక్కడికి క్రిమి అన్నది పోకూడదు. అందుకని గాజులు, గొలుసులు, జడపిన్నులు, బొట్టుబిళ్ళలు అన్నీ బయటే వదిలేసి వెళ్తాం. బట్టలు మార్చుకునే గదిలో అద్దం అంచు చుట్టూ మా బొట్టుబిళ్ళలు అంటించి ఉంటాయి. షిఫ్ట్ అయ్యాక ఎవరిది వాళ్ళు తీసుకోవాలి గానీ ఎవరిది ఎవరి నుదుటికి చేరుతుందో చెప్పలేం. ఆ గది గుమ్మం దగ్గర స్టీలు స్టూలు మీద చేతులక్క కూర్చునేది. ఒంటి మీద గాయమో, పుండో, ఊడుతున్న తోలో ఉన్నవాళ్ళను లోపలికి పంపకూడదు. అది కంపెనీ రూలు. చూసి ఆపడం ఆమె పని. రూలు కంపెనీదే అయినా ఆమె దాన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్న నగలా వాడుకునేది.

"సేతులు" అనేది. అంతకు మించి పలకరింపు లేదు. మనం చాపిన చేతిని కింద నుంచి రెండు వేళ్ళతో పట్టుకుని, బెండకాయ ముదిరిందో లేదో చూసేవాళ్ళు కొన వంచి చూసినట్టు ఒక్కొక్క వేలి కొనా వంచేది. గోరు కాస్త పెరిగితే తన మెడలో తాడుకు వేలాడే నెయిల్ కట్టర్‌తో తనే కత్తిరించేది, అదీ చర్మం చురుక్కుమనేదాకా. తన గోళ్ళు కూడా అలాగే మొదలంటా ఉండేవి. తర్వాత మన చొక్కా చేయి మోచేతి పైకి నెట్టేది. ఆ తర్వాత మెడ, చెవుల వెనక. "అక్కా, నిన్న ఏమైందంటే..." అని ఎవరైనా మొదలుపెడితే, "నాకు మాటలొద్దు, సేతులు సూపు" అనేది.

ఆమె అరచేతులు మాత్రం ఎండిన జొన్నరొట్టె అంచుల్లా పగిలి ఉండేవి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో లోపలి గదికి వెళ్ళిన మొదటి ఆడవాళ్ళలో ఆమె ఒకతట. అక్కడ మాటిమాటికీ చేతుల మీద కొట్టుకునే స్ప్రే ఒకటుంటుంది, స్పిరిట్ లాంటిది. అది ఆమె ఒంటికి పడలేదు. తోలు ఊడింది. తోలు ఊడినవాళ్ళు లోపలికి పోకూడదు గనక తీసుకొచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. జాలిపడాల్సిన సంగతే. కానీ జాలిపడేంత తీరిక ఆమె మాకెప్పుడూ ఇవ్వలేదు.

పూరీలు వేయిస్తుంటే నూనె చింది చేయి కాలినామె ఒకతి ఒకసారి వచ్చింది. "పూరీలు తిన్నోళ్లు ఇంట్ల పండుకున్నరు గదా. నువ్వు గూడ పోయి పండుకో" అని చేతులక్క పంపేసింది. ఆ రోజు హాజరు పోతుందని ఆమె బతిమాలితే, "గరిటె పట్టరానిదానివి, సీసాలేం పడ్తవ్" అంది. ఇంకోసారి, కొత్తగా పెళ్ళైన పిల్ల మెడ మీద పంటిగాటు కనిపించింది. చేతులక్క వరుసలో ఉన్న అందరికీ వినపడేలా, "మీ ఆయనకు చెప్పు, కొరికిన పండు మా కంపెనీల తీసుకోరని" అంది. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయింది. మేమంతా పగలబడి నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వినట్టు గుర్తు.

చేతులక్క కోడలు కూడా మా లైన్‌లోనే పనిచేసేది. నోట్లో నాలుక లేని మనిషి. ఒకసారి ఆ కోడలి మెడ కింద చిన్న సెగగడ్డ లేచింది. సొంత కోడలు కదా, చూసీచూడనట్టు వదిలేస్తుందని మేం మోచేతులతో పొడుచుకున్నాం. చేతులక్క టార్చి వేసి చూసి, "నడువ్ ఇంటికి. పొయ్యి కాడ గిన్నెలట్లనే ఉన్నయ్" అని తరిమింది. ఆ రోజుతో మాకో నమ్మకం కుదిరింది. ఈమె ఎంత పాపిష్టిదైనా పక్షపాతం లేని మనిషి అనుకున్నాం. నా కొంప ముంచింది ఆ నమ్మకమే.

ఇక నా చేయి సంగతి. మా నాన్న గోదావరి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. నేను పుట్టింది, పెరిగింది, చెడింది అన్నీ ఇక్కడే. అయినా చేతులక్కకు నేను ఆంధ్రపిల్లనే. నేను "వచ్చాను" అంటే ఆమె మూతి తిప్పుతూ "ఒచ్చానూ" అని సాగదీసేది. పెళ్ళైన కొత్తలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి దగ్గర మిషన్ పెట్టుకుని కూర్చున్నవాడి చేత నా కుడి ముంజేతి లోపలివైపు మా ఆయన పేరు పచ్చబొట్టు వేయించుకున్నాను. మా ఆయనే పక్కన నిలబడి నా భుజం పట్టుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళకు అతను వేరొకామెతో జహీరాబాద్‌లో కాపురం పెట్టాడు. నేను నాన్న ఇంటికి వచ్చి, మా వదిన వండినది తింటూ, ఆమె మొహం చూస్తూ బతకడం మొదలుపెట్టాను.

ఈ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. చేతులక్కకు ఇంకా బాగా తెలుసు. అయినా ప్రతి షిఫ్ట్‌కీ నా చొక్కా చేయి పైకి నెట్టి, ఆ పేరు మీద తన పగిలిన బొటనవేలు పెట్టి, ఎంతో మర్యాదగా అడిగేది: "మీ ఆయన మంచిగున్నడా?"

మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత "బాగున్నాడక్కా" అనడం నేర్చుకున్నాను. అలా అన్న రోజు ఆమె మొహంలో కనిపించిన తృప్తి చూసి, ఏడ్చినా బాగుండేదనిపించింది. ఎలాగైనా ఆ పేరు ఆమె వేలి కింద లేకుండా చేయాలని నిశ్చయించుకున్నాను.

ప్లాంటులో మరమ్మతులకు సెలవులిచ్చినప్పుడు ఇస్నాపూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం మీద అంతస్తులో టాటూలు వేసే ఒడిశా అతని దగ్గరికి వెళ్ళాను. పేరు మీద చిలకను వేయమన్నాను. పచ్చరంగుకు పాత సిరా ఆగదు, నల్లటిదేదైనా అయితేనే మూస్తుందన్నాడు. అలా చిలక కోయిలైంది. మూతపెట్టే బొమ్మ గనక సిరా ఎక్కువ పట్టింది. లేచేటప్పుడు అతను వచ్చీరాని తెలుగులో జాగ్రత్తలు చెప్పాడు. సబ్బుతో మెల్లగా కడగాలి, రుద్దకుండా అద్దాలి, మందు పల్చగా రాయాలి, ఎండ తగలనివ్వకూడదు. పక్కు కడుతుంది, దురద పుడుతుంది. "పక్కు మాత్రం పీకొద్దు దీదీ. అదే పడాలి. పీకితే రంగు కూడా దాంతో వస్తది" అన్నాడు.

ఆ మాట వింటూనే ఉన్నాను. కానీ లోపలి గదిలో పనిచేసే మనిషికి శుభ్రం అంటే ఒకటే అర్థం. ఏది ముట్టినా స్ప్రే, ముట్టకపోయినా స్ప్రే. సెలవులకు ముందే ఆ స్ప్రేను అత్తరు సీసాలో కాస్త నింపి ఇంటికి తెచ్చుకున్నాను. పచ్చిగా ఉన్న టాటూ మీద పొద్దునా సాయంత్రం దాన్ని కొట్టాను. మంట నషాళానికి అంటేది. మంట పుడితే క్రిములు చస్తున్నాయనుకున్నాను. సబ్బూ మందూ పక్కన పెట్టి ఇలాంటి పని చేసేవాళ్ళు ఈ భూమ్మీద మా ఫ్యాక్టరీవాళ్ళు తప్ప ఉండరు. సెలవులు అయ్యేసరికి మానుతుందనుకున్న చోట, కోయిల ఒళ్ళంతా మందంగా, తెల్లగా, బీటలుగా పక్కు కట్టింది.

సరిగ్గా అప్పుడే మీడియా పరీక్ష వచ్చిపడింది. మందుకు బదులు క్రిములకు ఇష్టమైన, మీడియా అనే ఒక ద్రవాన్ని మా చేత సీసాల్లో నింపిస్తారు. తర్వాత కొన్నాళ్ళు దాచి చూస్తారు. ఏ సీసా అయినా మబ్బు పట్టిందంటే మా ఒంటి నుంచి ఏదో పడినట్టు. అందులో నెగ్గినవాళ్ళకే లోపలి గదిలో పనిచేసే అర్హత. ఆ ఏడు నెగ్గిన ఆడవాళ్ళను కాంట్రాక్టరు కింద నుంచి తీసి కంపెనీ మనుషులుగా చేస్తామని ప్రొడక్షన్ సార్ చెప్పాడు. వేరేవాళ్ళకు అది జీతం సంగతి. నాకు గది సంగతి. మొగుడు లేని ఆడదానికి గది కావాలంటే ఇస్నాపూర్ ఇంటి ఓనర్లు ముందు కార్డు చూపించమనేవాళ్ళు. కాంట్రాక్టు కార్డు చూసి తలుపు వేసేవాళ్ళు. కంపెనీ కార్డు వస్తే నాకంటూ ఒక గది, ఒక గొళ్ళెం ఉంటాయి. మా వదిన గిన్నెల చప్పుడును బట్టి నా ఆకలి ఎంతో నిర్ణయించుకునే బతుకు తప్పుతుంది. మా విడతలో వెళ్ళేవాళ్ళలో నా పేరు ఉంది. ఎవరైనా ఆగిపోతే వాళ్ళ బదులు వెళ్ళడానికి చేతులక్క కోడలి పేరు ఉంది.

సెలవుల తర్వాత మొదటి షిఫ్ట్‌లో కావాలనే వరుసలో చివర నిలబడ్డాను.

"సేతులు."

చాపాను. ఆమె చొక్కా చేయి నెట్టింది. ఎప్పుడూ పెట్టే చోట బొటనవేలు పెట్టబోయి ఆగింది.

"కోయిలక్కా" అన్నాను, అడగకముందే.

"కోయిలనా? కాకి గిది." వంగి వాసన చూసింది. "స్ప్రే కొట్టినవా?"

నేను చేయి వెనక్కి తీసుకోబోయాను.

"కొట్టినవ్. గీ తెల్లటి తోలు నాకు తెల్వదా?" అని తన అరచేయి నా మొహం ముందు పెట్టింది. "నీకేం పుట్టిందే? ఇంట్ల సబ్బు లేదా?"

"సార్‌కి చెప్పేస్తానక్కా" అన్నాను. "పరీక్ష ఇంకా రెండు విడతలుంది కదా. ముందే డాక్టర్ చీటీ తెచ్చి చూపిస్తే చివరి విడతవాళ్ళతో మార్చి పెడతారంట."

"చెప్పు. చెప్పి సూడు. గీ తోలు గిట్లెందుకైందంటడు సారు. స్ప్రే అంటవ్. ఇంటికి స్ప్రే ఏడికెల్లొచ్చిందంటడు. ఏమంటవ్?"

ఏమంటాను. కంపెనీ వస్తువు గేటు దాటించినవాళ్ళను ఆ గేటులోకి మళ్ళీ రానివ్వరు.

"నోరు మూస్కోని నేను చెప్పినట్టు చెయ్" అంది. "పరీక్ష నాటికి మాన్పిస్త. సారుకు నీకు జలుబున్నదని చెప్త. అప్పటిదాంక బయట డబ్బాలు మడువ్. ఆ చెయ్యి నాకు తప్ప ఎవ్వలకు సూపకు."

ఆ రోజు నుంచి నేను అందరూ ఎక్కే బస్సుకు ముందు బస్సు ఎక్కేదాన్ని. ఇంకెవరూ రాకముందే చేతులక్క నన్ను చేతులు కడిగే సింకు దగ్గరికి లాక్కెళ్ళేది. లాక్కెళ్ళేది అన్న మాట ఊరికే అనలేదు, జబ్బ పట్టుకునే లాగేది. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బు. తన పగుళ్ళ చేతికి గీరుకుపోతుందని రెండు వేళ్ళ కొనలతోనే కడిగేది. తడిని కాగితంతో అద్దేది. "రుద్దకు, ఒత్తు. ఇదేమన్న బోల్లు తోముడా?" అనేది. తర్వాత మందు. గోధుమగింజంత తీసి మొత్తం కోయిలకంతా రాసేది. నేను ఇంకాస్త తీయబోతే నా వేలి మీద కొట్టేది. "సన్నగ. రొట్టెకు నూనె రాస్తున్నవా?"

దురద మొదలైనప్పుడు నరకం చూశాను. డబ్బాలు మడుస్తూ మోచేతితో బల్లకు రాసుకుంటే ఎక్కడి నుంచి చూసేదో, వచ్చి టాటూ పక్కన ఛెళ్ళున కొట్టేది. "దురద పుడితే గిట్ల సర్సుకో. గోకినవంటె వేలు ఇరుస్త." రాత్రి నిద్రలో గోక్కుంటానని ఎడమ చేతికి సాక్సు తొడుక్కుని పడుకోమంది. నేను చేతికి సాక్సుతో కూర్చుని అన్నం తినడం చూసి, పిచ్చి ముదిరిందని మా వదిన మా అన్నయ్యతో చెప్పింది. బిగుతు బట్టలు వద్దని, పాత నూలు చొక్కా వేసుకోమని చేతులక్క చెప్పింది. ఎండలో నడిచేటప్పుడు చేయి కొంగు కింద పెట్టుకోమంది. తిట్టని రోజు లేదు. "మొగున్ని మూయనీకె కాకిని తెచ్చుకున్న ఆడిదాన్ని నిన్నే సూసిన" అనేది. ఒక పొద్దున మందు రాస్తూ తన చొక్కా చేయి మడిచి చూపించింది. మోచేతి దాకా పాతకాలం పచ్చబొట్లు, చుక్కలూ గీతలూ. చిన్నప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుంటే పొడిపించారట. "ఒర్లిన. జరమొచ్చింది. మా అవ్వ మూతి మీద కొట్టి పండవెట్టింది. నాకెవలు రాసిర్రు మందు?" అంది. ఆ మాట అంటూనే నా చేయి మీద ఊదింది, ఆరడానికి.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజుల్లో నేను ఆమెను ప్రేమించాను. మా అమ్మ పోయాక నా చేయి అంతసేపు పట్టుకున్న మనిషి లేదు. తిట్లు కూడా తీపిగానే ఉండేవి. ఇంటి దగ్గర కంది పచ్చడి నూరి, డబ్బాలో పెట్టి ఆమెకు పట్టుకెళ్ళేదాన్ని. మీ ఆంధ్రోళ్ళకు ఉప్పెయ్యనీకె రాదంటూ మొత్తం తినేది. గది దొరికాక మొదట ఆమెనే భోజనానికి పిలవాలని, ఏం వండాలో కూడా అనుకున్నాను.

పక్కు మెల్లగా రాలడం మొదలైంది. కింద నుంచి కోయిల నున్నగా, నల్లగా, నిగనిగలాడుతూ బయటికి వచ్చింది. పరీక్ష ముందు రోజుకు కడుపు దగ్గర చిన్న పక్కు ఒకటే మిగిలింది. అది కూడా అంచులు లేచి, ఇవాళో రేపో పడేలా ఉంది. రాలుతున్న తోలు రూలుకు ఒప్పదు గానీ, ఆపేదీ పంపేదీ ఆమె. "రేపు తడపకు. పొడిగ రా" అంది చేతులక్క. "గదంత చిన్నది నేను సూస్కుంట."

పరీక్ష రోజు పొద్దున ప్రొడక్షన్ సార్ కూడా గుమ్మం దగ్గరికి వచ్చాడు. మేం వరుసలో నిలబడ్డాం. చివర ఆమె కోడలు, తలంటుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. నా ముందువాళ్ళు ఒక్కొక్కరే దాటి వెళ్ళారు.

"సేతులు."

చాపాను. నవ్వాను కూడా. ఆమె రెండు వేళ్ళతో పట్టుకుని ట్యూబ్‌లైట్ వెలుగుకు తిప్పింది. "మంచిగ మానింది" అంది, నాకొక్కదానికే వినపడేలా. ఆ మెచ్చుకోలులో ఏ కల్తీ లేదు. తర్వాత ఆ మిగిలిన పక్కు అంచు కింద బొటనవేలి గోరు దూర్చి ఒక్క పెట్టున లేపింది. చురుక్కుమంది. పక్కుతో పాటు కింద అతుక్కున్న పచ్చితోలు కూడా వచ్చింది. నల్లటి కోయిల కడుపులో ఎర్రగా ఒక చుక్క పుట్టి, నేను చూస్తుండగానే లావై, మణికట్టు వైపు జారింది.

"సార్" అని పిలిచింది చేతులక్క. "గీమెకు నెత్తురొస్తున్నది."

సార్ దగ్గరికి వచ్చి చూశాడు. "ఇదేంటమ్మా? ఎప్పుడు వేయించుకున్నావు? ముందే ఎందుకు చెప్పలేదు?"

నేను చేతులక్క వైపు చూశాను. ఆమె సార్ వైపు చూస్తోంది.

"నాకు సూపెట్టలే సార్. జలుబని చెప్తె నమ్మిన. చెయ్యి దాసుకొని తిరుగుతున్నది."

స్ప్రే సంగతి ఎత్తలేదు. ఎత్తనవసరం లేదు, అది నా నోటికి వేసిన తాళమని ఇద్దరికీ తెలుసు. దాచినందుకు సార్ నన్ను ఆ విడత నుంచే కాదు, మొత్తం పరీక్ష నుంచే తీసేశాడు. కోడలు ముందుకు వచ్చింది. నా వైపు చూడలేదు. నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటించి లోపలికి వెళ్ళింది.

నాకు బుర్ర పనిచేయడం మొదలైంది బస్సులో ఇంటికి వెళ్తున్నప్పుడు. చేతులక్క గోళ్ళు ఎప్పుడూ మొదలంటా ఉంటాయి. మాకు కత్తిరించే ముందు తనవి కత్తిరించుకునే మనిషి. ఆ పొద్దున ఆమె బొటనవేలికి మాత్రం గోరు ఉంది. అంత గోరు ఒక్క రోజులో పెరగదు. రెండు వేళ్ళ కొనలతో నాకు సబ్బు రాసినన్నాళ్ళూ, గోధుమగింజంత మందు తీసి పూసినన్నాళ్ళూ, ఊది ఊది ఆరబెట్టినన్నాళ్ళూ ఆమె ఆ గోరును పెంచుకుంటూ వచ్చింది. స్ప్రే మాట ఎత్తకుండా టాటూ సంగతి ముందే చెప్పుకుని ఉంటే తిట్లు తిని, చివరి విడతలో ఒకరితో మారి నిలబడేదాన్ని, కోడలికి చోటు దొరికేది కాదు. అది జరగకుండా ఉండడానికే నన్ను అంత శ్రద్ధగా మాన్పింది.

కోడలు నెగ్గింది. కంపెనీ కార్డు వచ్చింది. నన్ను ప్యాకింగ్‌కు పంపారు. ఇస్నాపూర్ గది మాట మళ్ళీ ఎత్తలేదు. టాటూ అతని దగ్గరికి వెళ్తే, కడుపు దగ్గర తోలు గట్టిపడింది, అక్కడ మళ్ళీ సిరా ఎక్కదన్నాడు. ఆ సందులోంచి మా ఆయన పేరు తాలూకు నీలం గీత ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంది. ప్యాకింగ్‌లో చేతులు చూసే పని లేదు. అయినా క్యాంటీన్‌లో ఎదురైతే చేతులక్క పళ్ళెం పట్టుకుని ఆగి, పాత మర్యాదతోనే అడిగేది: "కాకి మంచిగున్నదా?"

"బాగుందక్కా" అనేదాన్ని.

ఆమె పోవడానికి కొన్ని నెలల ముందు, ఒకరోజు బస్సులో కోడలు నా పక్కన వచ్చి కూర్చుంది. అన్నేళ్ళలో నాతో మాట్లాడడం అదే మొదలు. "మా అత్తకు కిడ్నీలు ఖరాబైనయ్. ఒక్కసారి వచ్చి పో" అంది. రమ్మని ఆమె అడిగిందా, కోడలే అనుకుందా అన్నది నేను అడగలేదు. వెళ్ళాలని నాకూ ఉంది. ఆమెను చూడాలని కాదు, అడగాలని. ఎందుకు చేశావు, నా చేతి కంది పచ్చడి తింటూ ఎలా చేశావు అని అడగాలి. ఆమె చచ్చేలోపు ఆమె నోటితో ఒక్కసారి, "అవును, చేసిన" అనిపించాలి. అన్నేళ్ళుగా నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

వాళ్ళ ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి కాస్త లోపలికి. రేకుల వరండాలో నులకమంచం మీద పడుకుని ఉంది. మనిషి సగమైంది. మొహం ఉబ్బింది. నన్ను చూసి లేచి కూర్చోబోయి, కూర్చోలేక, చేయి మాత్రం ముందుకు పెట్టింది. నేను చేయి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, అలవాటు. ఆమె కింద నుంచి రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పింది. కోయిల దగ్గర ఆగింది. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, కడుపు దగ్గరి సందును బొటనవేలితో తడిమి చూసింది.

"ఎవలేసిర్రు గిది? మంచిగేసిండు" అంది. "గీడ గిట్లెందుకైంది? పక్కు పీక్కున్నవా?"

నేను ఆమె మొహంలోకి చూశాను. వెక్కిరింత ఉందేమోనని చూశాను. భయమో, సిగ్గో, కనీసం గుర్తుపట్టిన జాడో ఉందేమోనని వెతికాను. క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని అడిగినప్పటి మొహం నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. లేదా అంతకంటే బాగా దాచుకున్న మొహం. ఏదైనా నాకు ఒకటే.

"పక్కు పీకొద్దని వానెవ్వడన్న చెప్పలేదా? అదే రాలాలె. పొద్దుమాపు కడిగి, జెర మందు సన్నగ రాసి, సూస్కోవాలె. దురద పుడితే సర్సుకోవాలె గని గోకుతరా? గంత ఓపిక లేనోళ్లు పచ్చబొట్టు ఎందుకేయించుకోవాలె? ఇప్పుడేడిస్తె వస్తదా రంగు?" ఆయాసంతో ఆగింది. చేయి వదల్లేదు. "చెప్పవేందే? పీక్కున్నవా లేదా?"

కోడలు చాయ్ గ్లాసులతో గడప దగ్గర నిలబడిపోయింది. ఆమెకు అన్నీ గుర్తున్నాయి. దారి పొడవునా నేను కూడగట్టుకున్న మాటలు సిద్ధంగానే ఉన్నాయి. పగిలిన ఆ రెండు వేళ్ళు నా చేతిని ఇంకా పట్టుకునే ఉన్నాయి, జవాబు కోసం.

"అవునక్కా" అన్నాను. "నేనే పీక్కున్నాను."

"గట్ల ఒప్పుకో" అంది చేతులక్క. నా చేయి వదిలిపెట్టి, చాయ్ చల్లారిపోతుంది తాగమంది.